అడవి కాలిబాటకు గుర్తులు వేయడం, బాటను కాపాడటం: వాలంటీర్ల కోసం సమగ్ర మార్గదర్శి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో వారాంతాల్లో కొండబాట పట్టే తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: చెట్ల మీద కనిపించే ఆ తెల్ల పట్టీలు ఎవరు వేస్తారు, ఆ పని మేమూ చేయవచ్చునా, చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,190 మైళ్లు సాగే అప్పలాచియన్ ట్రెయిల్‌ను చాలావరకు చూసుకుంటున్నది జీతం లేని వాలంటీర్లే. స్థానిక క్లబ్బు ఒక్కొక్కరికి ఒక మైలో, రెండు మైళ్లో అప్పగిస్తుంది. ఆ ముక్క బాగోగులు ఏడాది పొడవునా వారివే.

అలాంటి ముక్క చేతికి వచ్చినప్పుడు ఏ పని తరువాత ఏ పని చేయాలో కింద వివరిస్తున్నాను. కొత్తగా వచ్చినవారి చెయ్యి నేరుగా రంగు డబ్బా మీదికి పోతుంది. నా చెయ్యీ మొదట అటే పోయింది. అసలు వరుస దానికి తలకిందులు: మొదట నీరు, తరువాత కొమ్మలు, ఆఖరున రంగు. నీరు కోసేసిన బాట పక్కన ఎంత చక్కటి పట్టీ వేసినా, నడిచేవారు బురద తప్పించుకోవడానికి అంచు మీదికి ఎక్కుతారు, మరుసటి ఏటికి అక్కడ రెండో బాట పడుతుంది.

1. అనుమతి లేకుండా ఆకు కూడా తుంచవద్దు

ఈ బాట జాతీయ అడవుల గుండా, నేషనల్ పార్కుల గుండా, రాష్ట్ర పార్కుల గుండా పోతుంది. ఎక్కడికక్కడ భూమికి ఒక యజమాని, ఆ యజమానితో ఒప్పందమున్న ఒక క్లబ్బు ఉంటాయి. న్యూయార్క్, న్యూజెర్సీలలో న్యూయార్క్–న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్, ఉత్తర వర్జీనియా, మేరీల్యాండ్ వైపు పొటోమాక్ అప్పలాచియన్ ట్రెయిల్ క్లబ్ ఈ పని చూస్తాయి. మీ ఊరికి దగ్గరలోని క్లబ్బులో చేరి, వారు పెట్టే ఒకరోజు శిక్షణకు వెళ్లి, వాలంటీరు ఒప్పంద పత్రం మీద సంతకం చేయండి. ఆ సంతకాన్ని తేలికగా తీసుకోవద్దు. పనిలో గాయపడితే పరిహారం, వైద్యం వంటివన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఉన్న బాటను ఉన్నట్టుగా కాపాడటమే మీకు అప్పగించిన పని. బాటను పది అడుగులు పక్కకు జరపాలన్నా, కొత్త వంతెన వేయాలన్నా, కొత్తగా రాళ్లు పరచాలన్నా విడిగా అనుమతి కావాలి. మీకు పనికిరాని పొదగా కనిపించేది రక్షిత మొక్క కావచ్చు.

హైదరాబాదు, విశాఖల నుంచి ఇదే ప్రశ్న అడిగేవారికి: పనితనం అక్కడా ఇదే, కానీ రిజర్వు అడవిలోనూ అభయారణ్యంలోనూ అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా చెట్టుకు రంగు పూయడం, కొమ్మ నరకడం చట్టరీత్యా నేరం. మొదటి అడుగు అటవీశాఖ కార్యాలయానికే.

2. పనిముట్లు, ఒంటి రక్షణ

మొదటి ఏడాది ఎక్కువ సరంజామా అవసరం లేదు. బరువైనవి క్లబ్బు దగ్గరే దొరుకుతాయి.

సంచిలో ఉండవలసినవి:
• లాపర్ అనే పొడుగు పిడుల కత్తెర
• మడత రంపం
• గట్టి పళ్ల దంతె, లేదా ఒకవైపు దంతె, మరోవైపు పార అంచు ఉండే మెక్‌లియోడ్
• మట్టిపని ఉన్న రోజున పులాస్కీ: దీనికి ఒక చెంప గొడ్డలి, మరో చెంప తవ్వుడు పార
• తోలు గ్లవ్స్, రక్షణ కళ్లద్దాలు, తలకంటే ఎత్తున పని ఉంటే హెల్మెట్
• ప్రథమ చికిత్స పెట్టె, నీళ్లు, కాగితపు పటం (ఫోనుకు కొండ మలుపులో సిగ్నల్ ఉండదు)

నడిచేటప్పుడు పదునైన పనిముట్టును పల్లపు వైపు చేతిలో, కిందికి దించి పట్టుకోవాలి; జారిపడితే దాన్ని దూరంగా విసిరేయడానికి వీలుంటుంది. మనిషికీ మనిషికీ మధ్య కనీసం పది అడుగుల ఎడం ఉండాలి.

ఈ అడవుల్లో ఎలుగుబంటి కంటే పిడుదుకే ఎక్కువ భయపడాలి. పశువులకు పట్టే పిడుదుల కోవలోదే అయినా, ఇక్కడి జింక పిడుదు పిల్లదశలో గసగసం గింజంత ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు, లైమ్ జ్వరాన్ని అంటిస్తుంది. లేతరంగు ప్యాంటు వేసుకుని దాని అంచులను మేజోళ్లలోకి దోపుకోండి. పెర్మెత్రిన్ మందును బట్టల మీద మాత్రమే, ముందురోజే చల్లి ఆరబెట్టండి, ఒంటికి రాయవద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనుక, చంకలు, జుట్టు మొదళ్లు వెతుక్కోండి.

రెండో శత్రువు పాయిజన్ ఐవీ, తాకితే ఒంటిమీద దురద, దద్దుర్లు తెచ్చే తీగ. ఒకే కాడకు మూడు ఆకులుంటే అనుమానించండి. దాని జిడ్డు కత్తెరకు, గ్లవ్స్‌కు, బూటు తాడుకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది, కాబట్టి చేతులతో పాటు పనిముట్లనూ సబ్బుతో కడగాలి. నరికిన తీగను ఎన్నడూ కాల్చవద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదకరం. రాళ్ల గుట్టలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడండి, గిలకపాములకు (రాటిల్‌స్నేక్‌లకు) అవి ఇష్టమైన చోట్లు.

3. మొదటి నడకలో చేతులు కట్టుకోండి

బాట అప్పగించిన తరువాత మొదటిసారి పనిముట్లు కారులోనే ఉంచి వెళ్లండి. నోటుపుస్తకం, పెన్సిలు చాలు. ఒక చివర నుంచి రెండో చివరకు, మళ్లీ వెనక్కి నడవండి. రెండు దిక్కుల నుంచి చూస్తే అదే బాట రెండు బాటల్లా ఉంటుంది. ఉత్తరానికి పోయేవాడికి కనిపించే మలుపు, దక్షిణానికి వచ్చేవాడికి బండ చాటున పడుతుంది.

వాన కురుస్తున్న రోజున, లేదా మర్నాడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. నీరు ఎక్కడ బాటెక్కుతోందో, ఎంత దూరం బాట వెంటే పారుతోందో, ఎక్కడ దిగుతోందో కళ్లతో చూడవచ్చు. పొడి రోజున పది చోట్ల అనుమానించి తవ్వడం కంటే, తడి రోజున మూడు చోట్లు గుర్తించుకోవడం మేలు.

రాసుకోవలసినవి:
• నీరు బాటెక్కే చోటు, నిలిచే చోటు
• పడిన చెట్లు: మొదలు చుట్టూ ఎంత లావో కాక, బాట మీద పడిన చోట అడ్డకొలత ఎన్ని అంగుళాలో
• ఒక గుర్తు దగ్గర నిలబడితే తరువాతి గుర్తు కనిపించని చోట్లు
• జనం బాట వదిలి పక్కదారి తొక్కిన చోట్లు, అందుకు కారణం

ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం. పక్కదారి పడిందంటే బాటలో ఏదో లోపముంది. ఆ లోపాన్ని సరిచేయకుండా పక్కదారికి అడ్డంగా కొమ్మలు పడేస్తే, జనం ఆ కొమ్మలను కూడా చుట్టి మూడో దారి చేస్తారు.

4. నీటిని బాట దించడం

మన పల్లెల్లో మడవ తిప్పి పొలానికి నీరు పెట్టడం చూసినవారికి ఇది అలవాటైన విద్యే, కాకపోతే ఇక్కడ నీటిని లోపలికి కాక బయటికి పంపుతాం. వాలు బాట మీద పడిన నీరు ఎంత దూరం బాట వెంట పారితే అంత వేగం పుంజుకుంటుంది, అంత మట్టిని కోస్తుంది. అందుకే కొంత దూరానికొకటి చొప్పున వాటర్ బార్ అనే అడ్డుకట్టలు ఉంటాయి: బాటకు అడ్డంగా, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా భూమిలో పాతిన దుంగ లేదా రాళ్ల వరుస. ఎగువనుంచి వచ్చిన నీరు దానికి తగిలి, దాని వెంట జారి, పల్లపు వైపు దిగిపోతుంది. శరదృతువులో రాలిన ఆకులు, వసంతంలో కొట్టుకొచ్చిన మట్టి ఈ కట్ట ఎగువన పూడుకుపోతే నీరు కట్ట దాటి మళ్లీ బాటెక్కుతుంది. ఏడాదిలో మీరు చేసే పనుల్లో ఈ పూడిక తీయడానికి మించిన పని లేదు.

ఒక కట్టను శుభ్రం చేసే క్రమం ఇది:

ఒకటి, ముందు నీరు దిగిపోయే మూతిని వెతకండి. అది సాధారణంగా ఆకులతో మూసుకుపోయి, పక్కనున్న నేలలో కలిసిపోయి ఉంటుంది. దంతెతో ఆకులు లాగేస్తే కింద నల్లగా, మెత్తగా మురిగిన పొర వస్తుంది. దాన్నీ తీసి, కింది గట్టి మట్టి కనిపించేదాకా వెళ్లండి.

రెండు, కట్ట ఎగువ అంచు వెంట పార వెడల్పున కాలువ తీయండి. బాట గట్టు వైపు లోతు తక్కువగా, మూతి వైపుకు పోయేకొద్దీ లోతు ఎక్కువగా ఉండాలి. గోడలు నిటారుగా కాక పళ్లెంలా వాలుగా ఉండాలి, లేకపోతే ఎవరిదో ఒకరి మడమ అందులో ఇరుక్కుంటుంది.

మూడు, మూతిని బాట అంచుతో ఆపవద్దు. నీరు వెనక్కి తిరగలేని పల్లం దాకా, రెండు మూడు అడుగులు బయటికి లాగి, చివర విసనకర్రలా వెడల్పు చేయండి.

నాలుగు, తవ్విన మట్టిని మూతి దగ్గర గుట్టగా పోయవద్దు. మంచి మట్టిని కట్టకు దిగువన, బాట మీదే వేసి తొక్కండి. దుంగ వెనుక కోసుకుపోయిన గుంట దానితో నిండుతుంది. ఆకుల మురుగును మాత్రం పల్లంలోకి దూరంగా విసరండి.

ఐదు, సీసాలోని నీళ్లు కొన్ని కాలువ ఎగువ చివర పోసి చూడండి. ఎక్కడైనా ఆగితే అక్కడ ఇంకో పార మట్టి తీయండి.

కొండచరియ వెంట పోయే బాటలో ఇంకో జాగ్రత్త ఉంది. నడక భాగం పల్లపు వైపుకు కొద్దిగా వాలి ఉండాలి: రెండడుగుల వెడల్పుకు బయటి అంచు అంగుళం పైచిలుకు దిగువన ఉంటే చాలు. ఏళ్ల తరబడి కాళ్లు తొక్కి నడుమ గుంటపడి, బయటి అంచున గట్టులా మట్టి పేరుకుంటుంది. ఆ గట్టును పులాస్కీతో చెక్కేస్తే నీరు తనంతట తానే దిగిపోతుంది, కొత్త కట్ట అవసరమే రాదు.

బురద కనిపించగానే కొమ్మలు, ఆకులు పరవడం చాలామంది చేసే పని. అవి కుళ్లి బురదను పెంచుతాయి. ముందు నీటికి దారి చూపండి. దారి లేని చిత్తడి అయితే రాళ్లో, చెక్కవంతెనో కావాలి, అది క్లబ్బు బృందం చేయవలసిన పని. న్యూజెర్సీలో వెర్నాన్ దగ్గర పోచక్ వాగు చిత్తడి మీద మైలుకు దగ్గరగా సాగే చెక్కబాట చూస్తే ఆ పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

5. కొమ్మలు, పొదలు: నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు

వీపు మీద పెద్ద సంచితో నడిచే మనిషికి తగలకుండా ఉండాలంటే బాట మీద నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఖాళీ కావాలి. వానకు తడిసిన కొమ్మ, మంచు పేరుకున్న కొమ్మ పొడిగా ఉన్నప్పటికంటే చాలా కిందికి వంగుతాయి. అందుకే తల కంటే అంత ఎత్తు అడుగుతారు.

కొమ్మను కాండం దాకా వచ్చి, మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కంఠం బయట కోయండి. కంఠాన్ని కోస్తే చెట్టుకు గాయం మానదు. జానెడు మోడు వదిలితే అది సంచులకు కొక్కెం, కళ్లకు గండం. లావు కొమ్మ అయితే ముందు కిందినుంచి కొద్దిగా కోసి, ఆ తరువాత పైనుంచి కోయండి, లేకపోతే బెరడు కాండం పొడవునా చీలుతుంది. చిన్న మొక్కలను నేలకు సమంగా కోయాలి. కత్తెరతో ఏటవాలుగా కోసి వదిలిన మొన, కాలు జారి పడినవాడికి మేకు.

కోసినదాన్ని పల్లపు వైపు, కోత మొన బాటకు కనిపించకుండా, నేలకు తగిలేలా లాగి పడేయండి. పొదల మీద వేలాడే ఎండు కొమ్మలు ఏడాది పొడవునా గాయంలా కనిపిస్తాయి. అలాగని నాలుగడుగులు ఆరడుగులు చేయవద్దు. వెలుతురు పడ్డ చోటల్లా ముళ్ల తీగలు లేస్తాయి, వచ్చే ఏడాది పని రెట్టింపవుతుంది.

6. పడిన చెట్లు

చేతి రంపంతో, రెండు కాళ్లు నేలమీద ఆనించి కోయగలిగినంతే మీరు కోయండి. అంతకు మించినదానికి అడ్డకొలత, జాతి, చోటు, ఫొటో క్లబ్బుకు పంపండి. పడిన చెట్టు చచ్చిన దుంగ అనుకోవడం పొరపాటు: రెండు చివరలా ఆనుకుని నడుమ వేలాడుతున్న కాండంలో పైభాగం నొక్కుకుని, కిందిభాగం సాగి ఉంటుంది. కోత తప్పు వైపు మొదలైతే రంపం బిగుసుకుంటుంది, లేదా కాండం విల్లులా ఎగిరి తంతుంది. దాని కింద ఒంగిపోయిన లేత చెట్లు ఇంకా ప్రమాదం. పైన కొమ్మల్లో విరిగి వేలాడుతున్నది ఏదైనా కనిపిస్తే ఆ చోట ఆగనే వద్దు.

మోటారు రంపం పట్టాలంటే శిక్షణ, ధ్రువపత్రం, ప్రథమ చికిత్స అర్హత ఉండాలి. ఇంట్లో వాడిన అనుభవం లెక్కలోకి రాదు. 1964 నాటి చట్టం కింద వైల్డర్‌నెస్‌గా, అంటే సహజంగా వదిలేయవలసిన అడవిగా, ప్రకటించిన భాగాల్లో మోటారు పనికిరాదు, అక్కడ ఇద్దరు చెరోవైపు లాగే అడ్డరంపమే. ఒక చిన్న సంగతి: సులువుగా దాటగలిగే దుంగను కొన్ని చోట్ల కావాలనే వదిలేస్తారు, మోటారు బళ్లు రాకుండా. కోసేముందు అడగండి.

7. గుర్తులు వేయడం

ఈ బాట గుర్తు తెల్లటి నిలువు పట్టీ: రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు. జేబులో డాలరు నోటు ఉంటే పొడవు దాదాపు అంతే, వెడల్పు దానికంటే కొంచెం తక్కువ. పక్కదారులకు, నీటి ఊటకు, వసతికి పోయే దారులకు నీలం పట్టీ.

భాష ఇది: ఒక పట్టీ ఉంటే నేరుగా సాగమని. ఒకదానిమీద ఒకటి రెండు ఉంటే జాగ్రత్త, మలుపో మార్పో ఉందని. చాలాచోట్ల పై పట్టీని మలుపు దిక్కుకు కొద్దిగా జరుపుతారు. న్యూయార్క్, న్యూజెర్సీ బాటల్లో మూడు పట్టీలు త్రికోణంగా ఉంటే బాట మొదలు లేదా చివర. మీ క్లబ్బు పద్ధతి ముందుగా కనుక్కోండి, సొంతంగా బాణాలు గీయవద్దు.

చెట్టు ఎంపిక: బతికున్నది, లావైనది, బాటకు దగ్గరగా ఉన్నది, నడిచేవారి చూపు సహజంగా పడేది. చచ్చిన చెట్టు పడిపోతుంది, గుర్తూ దానితోనే పోతుంది. చెట్టును తాకేముందు ముప్పై నలభై అడుగులు వెనక్కి వెళ్లి, మామూలు వేగంతో నడుచుకుంటూ వచ్చి, అది ఎప్పుడు కళ్లబడుతోందో చూడండి. మొదటి ఏడాది నేను ఈ పని చేయలేదు. చెట్టు ముందు నిలబడి, చదునైన చోటు చూసి పూసుకుంటూ పోయాను. మధ్యాహ్నం తిరిగి నడిస్తే ఏడు పట్టీలు బాటకు పక్కకు తిరిగి, అడవిలోని జింకలకు దారి చూపుతున్నాయి.

రంగు పూసే క్రమం:

ఒకటి, బెరడు పొడిగా, వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్న రోజును ఎంచుకోండి.

రెండు, ఆకులన్నీ విప్పుకున్న వేసవిలో వేయడం మంచిది. శీతాకాలంలో స్పష్టంగా కనిపించిన పట్టీ జూన్‌లో కొమ్మ చాటున పడుతుంది.

మూడు, కంటి ఎత్తులో, అంటే అయిదడుగుల పైచిలుకున, బెరడును సిద్ధం చేయండి. చెస్ట్‌నట్ ఓక్ బెరడు లోతైన గాళ్లతో ఉంటుంది. గట్లను మాత్రమే గీకుడు పలకతో పట్టీ కంటే కాస్త పెద్దగా చదును చేయండి. గీకిన పొడి గోధుమరంగులో రాలాలి. తడి, పచ్చదనం కనిపించాయంటే చెట్టు ప్రాణమున్న పొర దాకా వెళ్లారని అర్థం, అక్కడే ఆపండి. నున్నటి బీచ్ చెట్టును గీకనే వద్దు, పాచిని గుడ్డతో తుడిస్తే చాలు.

నాలుగు, అంగుళం, అంగుళన్నర కుంచెతో, ఆరుబయట వాడే యాక్రిలిక్ రంగుతో ముందు నాలుగు అంచులు గీసి తరువాత నడుమ నింపండి. మూలలు పదునుగా రావాలి. అడవిలో వంకర మచ్చలు బోలెడు, నలుచదరం మాత్రం మనిషి చేసినదే. దూరం నుంచి కంటిని పట్టేది ఆ మూలలే.

ఐదు, కారిన చుక్కను వెంటనే గుడ్డతో తుడవండి.

ఆరు, ఒక దిక్కు గుర్తులన్నీ పూర్తిచేసి, తిరుగు నడకలో రెండో దిక్కువి వేయండి. ఒకే చెట్టుకు ముందూ వెనుకా వేస్తే పని త్వరగా అవుతుంది కానీ ఏదో ఒక దిక్కు వారికి అది తప్పు చెట్టు అవుతుంది.

ఎంత దూరానికొకటి? ఒక గుర్తు దాటాక తరువాతిది కనిపించాలి అన్నది మంచి కొలత. స్పష్టమైన పాత బండిబాట మీద దూరం పెంచవచ్చు. బండల మీద, కూడళ్లలో, వాగు దాటిన వెంటనే తగ్గించాలి. పావు మైలు నడిచినా గుర్తు కనిపించకపోతే వెనక్కి తిరగమని నడిచేవారికి చెబుతారు, కాబట్టి అంత ఎడం ఎప్పుడూ రానీయవద్దు. చెట్లు లేని చోట బండ మీదో, పాతిన స్తంభం మీదో వేయాలి.

8. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

• ఒకేచోట నిలబడితే ఒకే దిక్కున మూడు నాలుగు గుర్తులు కనిపిస్తున్నాయి: నడిమివి చెరపండి. నల్లరంగు పూస్తే అది కొత్త గుర్తులా కనిపిస్తుంది. పైపొర గీకి, బెరడు రంగుకు దగ్గరైన బూడిద, గోధుమ రంగులను అద్దండి.
• పాత పట్టీ చెట్టు పెరిగి వెడల్పయింది: దానిమీద అలాగే పూస్తే ఏటికేడు పలకలా పెరుగుతుంది. అంచులను బెరడు రంగుతో కప్పి మళ్లీ కొలతకు తీసుకురండి.
• రెండు పట్టీల గుర్తు మలుపులోనే ఉంది: దాన్ని చెరిపి, మలుపు రావడానికి కొన్ని అడుగుల ముందే వేయండి, మలుపు తిరిగాక వెంటనే ఒక పట్టీ కనిపించాలి.
• నీటికట్ట ప్రతి వానకూ పూడుతోంది: అది బాటకు మరీ అడ్డంగా ఉంది. ఏటవాలు పెంచి మళ్లీ పాతాలి, ఇది క్లబ్బుతో మాట్లాడి చేయవలసిన పని.
• రాతిమెట్టు కదులుతోంది: కింద చిన్న రాళ్లు దోపి సరిపెట్టవద్దు. గడ్డపారతో లేపి, గుంట సరిచేసి, పై మెట్టు కింది మెట్టు మీద కొంత ఆనేలా తిరిగి పెట్టాలి. మెట్లు ఎప్పుడూ కిందినుంచి పైకి కడతారు.

9. ఏడాది పట్టిక, నివేదిక

• మార్చి–ఏప్రిల్: పడిన చెట్ల లెక్క, నీటికట్టలు
• జూన్: పొదలు, కొమ్మలు, గుర్తుల తనిఖీ
• ఆగస్టు: అవసరమైతే మళ్లీ పొదలు, పొడి రోజున రంగు
• నవంబరు, ఆకులు రాలాక: నీటికట్టలు మళ్లీ
• పెద్ద గాలివాన తరువాత: ఎప్పుడైనా ఒక నడక

ప్రతిసారీ ఇంటికి రాగానే, మరిచిపోకముందే, తేదీ, పనిచేసినవారి సంఖ్య, ప్రయాణంతో సహా గంటలు, చేసిన పని, మిగిలిన పని రాసి క్లబ్బుకు పంపండి. ఈ గంటల లెక్కను ప్రభుత్వ సంస్థల ముందు నిధులు అడిగేటప్పుడు చూపిస్తారు. రాయని గంట పనిచేయని గంటతో సమానం. ఒక నకలు మీ నోటుపుస్తకంలో ఉంచుకోండి. ఊరు మారి బాటను ఇంకొకరికి అప్పగించే రోజున, ఎన్నో కట్ట ఏ వానకు పూడుతుందో, ఏ ఓక్ చెట్టు మొదలు డొల్లబారిందో, ఏ పొదలో పాయిజన్ ఐవీ ఉందో అందులో నుంచే చెప్పాలి.